సమాధానం: ఎవాంజెలియన్ అర్థం కాకపోవడం మీ తప్పు కాదు, వరుస తప్పింది

మెకా (భారీ రోబోల జపనీస్ యానిమేషన్ సిరీస్‌లు) అంటే రోబోల ఫైటింగ్ అనుకుని నేరుగా ఎవాంజెలియన్ (1995) మొదలుపెట్టానని, చివరి రెండు ఎపిసోడ్లలో రోబోలే మాయమై బుర్ర తిరిగిందని రాశారు. అది పాత సిరీస్‌ల అలవాట్లను తిరగేసిన కథ. ఆ అలవాట్లు తెలియకపోతే తిరగేసిన సంగతే తెలియదు.

ముందు మజింగర్ జెడ్ (1972) రెండు మూడు ఎపిసోడ్లు చాలు. మొత్తం 92 ఉన్నాయి, అన్నీ చూస్తే విసుగొస్తుంది. గమనించాల్సింది ఒకటే: 1963 నాటి సిరీస్‌లో టెట్సుజిన్ 28 అనే రోబోని బయట నుంచి రిమోట్‌తో నడిపేవారు, ఇక్కడ కుర్రాడు రోబో తలలోకే ఎక్కాడు.

తర్వాత గుండమ్ (1979). ఇక్కడ తొందరపడకండి. రోబో వీరుడి స్థాయి నుంచి యుద్ధ సామగ్రి స్థాయికి దిగింది, శత్రువుల వైపూ మనుషులే. టీవీలో ఆదరణ లేక 43 ఎపిసోడ్లకే ముగించారు. పునఃప్రసారాలు, 1980లో బొమ్మల కంపెనీ బందాయ్ తెచ్చిన ప్లాస్టిక్ మోడల్ కిట్లు దాన్ని నిలబెట్టాయి. టైమ్ లేకపోతే 1981-82లో వచ్చిన మూడు సంకలన సినిమాలు (సిరీస్‌నే కుదించి చేసినవి) చూడండి.

మాక్రాస్ (1982) వీలుంటేనే; పాట, ప్రేమ యుద్ధంలోకి ఎలా వచ్చాయో తెలుస్తుంది.

ఇప్పుడు ఎవాంజెలియన్‌కి తిరిగి రండి: 1 నుంచి 26 వరకు, ఆపైన 1997 సినిమా 'ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్'. మీకు దొరకని ముగింపు అందులో ఉంది. 24వ ఎపిసోడ్ కాగానే సినిమాకి దూకొద్దు. బరువెక్కిన మనసుకి గురెన్ లగాన్ (2007) మందు, 27 ఎపిసోడ్లే.