గిటార్ అమ్మొద్దు, ఆ రాత్రి గురించి మాట్లాడండి

"మేడమ్, నాకు 31 ఏళ్ళు. మాది ఖమ్మం. ఏడు నెలల కిందట మా బాబు డెంగీతో పోయాడు. వాడికి నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. అప్పటినుంచి మా వారు రోజూ రాత్రి భోజనాలయ్యాక గిటార్ తీసుకుని 'టియర్స్ ఇన్ హెవెన్' అనే ఇంగ్లిష్ పాట వాయిస్తారు. ఒక్కోరోజు నాలుగైదుసార్లు. వాయించనప్పుడు ఫోన్‌లో పెట్టుకుని వింటారు. నాతో పెద్దగా మాట్లాడరు. దీపం పెట్టే ఇంట్లో చావుపాటలేంటి, అశుభం, ఆ గిటార్ అమ్మిపారెయ్యమను అని అత్తయ్య గొడవ. ఇంకో బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయనీ అంటారు. అందరూ 'వాడు బెంగపెట్టుకున్నాడు, నువ్వే గుండె దిటవు చేసుకుని చూసుకోవాలి' అని నాకు చెప్పి వెళ్తున్నారు. ఆ పాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండిపోతోంది. బాబుకి జ్వరం తగ్గిన రోజు రాత్రి వాడు నీరసంగా పడుకుంటే హాస్పిటల్‌కి వెళ్దామన్నాను. ఆయన పొద్దున చూద్దామన్నారు. ఇప్పుడు అనుకుని ఏం లాభం. రోజూ అలాంటి పాట వింటే డిప్రెషన్ వస్తుందా? ఎలా మానిపించాలి?"

అమ్మా,

పాట వింటే డిప్రెషన్ రాదు. మానిపించొద్దు. గిటార్ అమ్మొద్దు. మీరడిగినవాటికి జవాబులు ఇంతే. ఆ రాత్రి సంగతి రెండు ముక్కల్లో రాసి, 'ఇప్పుడు అనుకుని ఏం లాభం' అని దానిమీద మూత పెట్టేశారే, నేను మాట్లాడాల్సింది దాని గురించి. అయితే ముందు ఆ పాట ఏమిటో మీకు తెలియాలి. ఏడు నెలలుగా వింటున్నారు గానీ మాటలు పట్టించుకున్నట్టు లేదు.

అది ఎరిక్ క్లాప్టన్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు పాట. 1991 మార్చి 20న న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ 53వ అంతస్తు కిటికీలోంచి పడి ఆయన కొడుకు కానర్ చనిపోయాడు. పిల్లాడికి నాలుగున్నరేళ్ళు. ఆ తర్వాత ఆయన ఒక చిన్న గిటార్ పట్టుకుని కూర్చుని అదే పనిగా వాయించుకునేవాడు. 'రష్' అనే సినిమాకి సంగీతం చేస్తూ ఈ పాట కట్టాడు. తనతో కలిసి రాయమని విల్ జెన్నింగ్స్ అనే రచయితని అడిగితే, ఇది మరీ నీ సొంత విషయం, నువ్వే రాసుకో అని ఆయన మొదట వెనకాడాడు. చివరికి ఇద్దరూ కలిసే రాశారు. 1992లో బయటికొచ్చింది, 1993లో మూడు గ్రామీ సంగీత అవార్డులు తెచ్చుకుంది. ఆ పాటలో ఎక్కడా గొంతు పెంచడు. ధైర్యంగా ఉండమనీ, కాలమే మందనీ చెప్పడు. స్వర్గంలో కనబడితే నన్ను గుర్తుపడతావా, నా చెయ్యి పట్టుకుంటావా అని ఒక తండ్రి పోయిన కొడుకుని అడుగుతుంటాడు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళకి అది అంతగా తగలడానికి కారణం అదే. వాళ్ళకి చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళ మనసులో తిరిగే ప్రశ్నలు పైకి అన్నవాళ్ళు లేరు.

మీ వారు వినడమే కాదు, వాయిస్తున్నారు కూడా. అది మంచి గుర్తు. ఆ పాట 'ఏ' కార్డుతో, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే పట్టుతో, మొదలవుతుంది. లావు తీగల మీద స్వరం ఒక్కో మెట్టే కిందికి దిగుతుంది: ఏ, జీ షార్ప్, ఎఫ్ షార్ప్. ఆ మూడో చోట నేర్చుకునేవాళ్ళు చాలామంది చూపుడువేలిని గిటార్ మెడ మీద రెండో ఫ్రెట్ (గడి) దగ్గర అడ్డంగా పరిచి అన్ని తీగలూ ఒకేసారి నొక్కుతారు. వేలు కాస్త వదులైతే తీగ గరగరమంటుంది. కుడిచేతి బొటనవేలు ఒక లెక్కలో, మిగతా వేళ్ళు ఇంకో లెక్కలో పోవాలి. ఏడుపుకి గొంతు పూడుకుపోయినా వేళ్ళు ఆగకుండా పనిచేస్తూనే ఉండాలి. అంటే నాలుగున్నర నిమిషాలు మనిషి పూర్తిగా కూలిపోకుండా ఏడవొచ్చు. మన మగవాళ్ళకి అలాంటి చోటు ఇంట్లో ఇంకెక్కడుంది చెప్పండి?

ఇంకో సంగతి. పెద్దవాళ్ళు పోతే మనకి పదోరోజు, పదకొండోరోజు, పన్నెండోరోజు ఉన్నాయి. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ఏడవడానికి ఒక తేదీ, వచ్చి కూర్చోవడానికి చుట్టాలు, చేతులతో చెయ్యడానికి ఒక పని దొరుకుతాయి. నాలుగేళ్ళ పిల్లాడు పోతే చాలా ఇళ్ళల్లో ఇవేవీ ఉండవు. పూడ్చివచ్చి స్నానాలు చేస్తారు. తల్లిని అక్కడికి కూడా రానివ్వరు. బట్టలూ బొమ్మలూ మూటకట్టి ఎవరికో ఇచ్చేస్తారు. తల్లి ఎదురుగా పేరెత్తొద్దని ఒకరికొకరు సైగలు చేసుకుంటారు. మీ ఇంట్లో ఎలా జరిగిందో రాయలేదు గానీ ఇంతకంటే భిన్నంగా జరిగి ఉండదు. రోజూ ఒకే వేళకి, అన్నాలయ్యాక, ఒకే పాట వాయించడం నా దృష్టిలో ఆయన బాబుకి చేస్తున్న కర్మే. శాస్త్రం ఆయనకి ఇవ్వనిదాన్ని ఆయనే కల్పించుకున్నాడు. అశుభం అనడానికి ఏముంది అందులో?

మరి మీకెందుకు ఒళ్ళు మండుతోంది? ఆ పాటలో తల్లి లేదు. ఇద్దరే ఉన్నారు, నాన్న, కొడుకు. మీ వారు రోజూ మీ ఎదురుగా కూర్చుని బాబుతో మాట్లాడుతున్నారు. నన్ను గుర్తుపడతావా అని వాడిని అడుగుతున్నారు. ఆ రాత్రి నీ మాట వినలేదు అని మీతో ఒక్కసారి కూడా అనలేదు. మీరూ అడగలేదు. మీ కోపం పాటమీద కాదు, మొగుడిమీద. దాన్ని గిటార్ మీదికి తిప్పుకున్నారు, ఎందుకంటే గిటార్‌ని అమ్మెయ్యొచ్చు.

ఆ రాత్రి గురించి ఒక విషయం సూటిగా చెప్తాను. డెంగీలో ప్రమాదం జ్వరం మండిపోతున్నప్పటికంటే, అది తగ్గినప్పుడు ఎక్కువ. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వేడి దిగుతుంది. అప్పుడే కొందరిలో రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం మొదలై, ఒకటి రెండు రోజుల్లో పరిస్థితి తలకిందులవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, పిల్లాడు మరీ మందకొడిగా అయిపోవడం దానికి గుర్తులు. ఇవి తెలియని ఇంట్లో థర్మామీటర్‌లో 98 కనబడగానే హమ్మయ్య అనుకుంటారు. మీ వారు అలాగే అనుకున్నారు. మీకు అనుమానం వచ్చింది, సరిగ్గానే వచ్చింది. ఆయన అంచనా తప్పింది. అది నిర్లక్ష్యం మాత్రం కాదు, ఆ రెంటికీ చాలా దూరం ఉంది. ఆ రాత్రే వెళ్తే బాబు దక్కేవాడా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అది తెలుసుకోవాలనుంటే ఇద్దరూ కలిసి ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కేస్ షీట్, రక్తపరీక్షల కాగితాలు తీసుకెళ్ళండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది, కాబట్టి రాతపూర్వకంగా అడగండి. డాక్టర్ కూడా ఖాయంగా చెప్పలేకపోవచ్చు. అయినా ఇద్దరూ ఒకేసారి ఒకే మాట వినడం ముఖ్యం. లేకపోతే ఎవరి ఊహ వాళ్ళని విడివిడిగా తినేస్తుంది.

దానికంటే ముందు మీరిద్దరూ మాట్లాడుకోవాలి. పాట అయిన వెంటనే వద్దు. అప్పటికి ఆయన ఖాళీ అయిపోయి ఉంటాడు, మీరు రగిలిపోతుంటారు. బాబు పుట్టినరోజునా, పోయిన తేదీనా అసలే వద్దు. ఏదో ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయటికి నడవండి, ఫోన్లు ఇంట్లో వదిలేసి. పక్కపక్కన నడుస్తుంటే మగాడికి నోరు పెగులుతుంది. ఎదురుగా కూర్చోబెడితే పోలీసు విచారణలా ఉంటుంది.

మొదటి మాట మీదే కావాలి. 'ఆ రాత్రి నేను వెళ్దామన్నాను, మీరు పొద్దున అన్నారు. అప్పట్నుంచీ మీమీద కోపంగా ఉంది. మీ మాట విని ఆగిపోయినందుకు నామీద నాకు ఇంకా కోపంగా ఉంది.' ఈ రెండో సగం మీరు ఉత్తరంలో రాయలేదు, కానీ ఉంది. అది లేకుండా మొదటి సగం ఒక్కటే అంటే నేరం మోపినట్టవుతుంది. అనేసి ఆగండి. ఆయన పావుగంట మాట్లాడకపోయినా మీరే పూరించకండి.

ఇక్కడ చెడేది ఎలాగంటే, ఆయన 'డాక్టరే మాత్ర వేసి చూడమన్నాడుగా' అంటాడు, మీరు 'ఎన్నింటికి అన్నాడు, ఎవరితో అన్నాడు' అంటారు, కోర్టు మొదలవుతుంది. అలాంటప్పుడు 'వాదించడానికి కాదు, చెప్పడానికి వచ్చాను' అని అక్కడికి ఆపెయ్యండి. లేదా ఆయన భోరుమంటాడు, మీరు కొంగుతో కళ్ళు తుడిచి 'పోనీలెండి, మీ తప్పేం లేదు' అంటారు. ఇది మొదటిదానికంటే చెడ్డది. నమ్మనిమాట అన్నారు కాబట్టి వారం తిరక్కుండా ఆ మంట మళ్ళీ లేస్తుంది. 'కావాలని చెయ్యలేదని నాకు తెలుసు' అనండి, చాలు. అది నిజం కాబట్టి నిలుస్తుంది. ఇల్లాలు దిటవుగా ఉండి మొగుణ్ణి చూసుకోవాలని చెప్పి వెళ్ళే బంధువుల మాట నాకు గిట్టదు. బాబు మీ ఇద్దరికీ పోయాడు. ఆయన ఏడవడానికీ, మీరు ఆయన్ని ఓదార్చడానికీ ఎవరు పంచిపెట్టారు?

ఆ తర్వాత పాట సంగతి. మీరు మాట్లాడుకున్న రోజు రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ వినకండి, వెళ్ళి పక్కన కూర్చోండి. ఒక్కసారి వాయించి ఆపమనండి. ఫోన్‌లో వినేటప్పుడు ఆటోప్లే తీసెయ్యమనండి. లేకపోతే అది వరసగా ఏడుపుపాటలే వేస్తూ పోతుంది, గంట గడిచేసరికి ఆయన బాబుని తలుచుకోవడం పోయి ఊరికే మునిగిపోతాడు. మీరూ గొంతు కలపాలనుకుంటే, ఆ శృతి మగగొంతుది, మీకు మరీ కిందికవుతుంది. అవే కార్డులు పట్టుకుని కేపోని (శృతి పెంచడానికి తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పుని) మూడో ఫ్రెట్ నుంచి ఐదో ఫ్రెట్ దాకా జరిపి చూడమనండి, ఎక్కడో కుదురుతుంది. ఇంగ్లిష్ పాట మీకు పట్టకపోతే మరీ మంచిది. బాబుని నిద్రపుచ్చుతూ మీరు పాడిన జోలపాట ఏదో ఉంటుంది కదా, దాన్ని గిటార్ మీద పట్టుకోమని ఆయన్ని అడగండి. మన జోలపాటలు చాలావాటికి రెండు మూడు కార్డులు సరిపోతాయి, ఈపాటికి ఆయన వేళ్ళు అంతకంటే కష్టమైనవే దాటాయి.

ఎప్పటికి మానతాడు అని అడగకండి. క్లాప్టన్ 2004లో కచేరీల్లో ఆ పాట ఆపేశాడు. ఆ నష్టం ఇప్పుడు అప్పటిలా అనిపించడం లేదు, ఆ బాధ లేకుండా పాడలేనన్నాడు. కొడుకు పోయిన 13 ఏళ్ళకి. మరికొన్నేళ్ళకి మళ్ళీ పాడాడు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలంటే, పాట ఎన్నిసార్లు వింటున్నాడో లెక్కపెట్టక్కర్లేదు. ఉద్యోగానికి వెళ్ళలేకపోవడం, తిండీ నిద్రా వారాల తరబడి చెడటం, మందు అలవాటవడం, 'నేనూ వాడి దగ్గరికి పోతాను' అనే మాట రావడం, ఇవి చూడండి. చివరిది వస్తే ఆ రోజే తీసుకెళ్ళాలి, ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలిమానస్ నంబర్ 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. తీవ్రత తగ్గకుండా సాగే దుఃఖాన్ని జబ్బుగా లెక్కించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 6 నెలలు చూడమంటుంది, అమెరికా మానసిక వైద్యులు పెద్దవాళ్ళకి 12 నెలలు అంటారు. ఏడు నెలలకి పాట విని ఏడవడం ఒక్కటే జబ్బు కాదు. ఈ గుర్తులు ఆయనలోనే కాదు, మీలోనూ చూసుకోండి.

అత్తగారికి గిటార్ గురించీ, ఇంకో బిడ్డ గురించీ జవాబు మీరు చెప్పొద్దు. అది కొడుకు పని. ఆయన చెప్పేదాకా మీరు వినీ విననట్టు ఉండండి.

ఈ జవాబుని ఆయనకి వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకోకండి. ఆయనమీద కోపం, మీమీద కోపం, ఆ రెండు మాటలూ మీ నోటితోనే చెప్పాలి.