ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి చైతన్యకు మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. కొండాపూర్ ఫ్లాట్‌లో హాలు సిద్ధమైంది, చేతిలో డబ్బుంది, కొంటే అందరూ గొప్పగా చెప్పే పెద్ద ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల జతే కొనాలనుంది, ఇంతకీ ఆ పేరు నిజమేనా అని అడిగావు. పేరు నిజమే. కాకపోతే ఆ పేరు తెచ్చిన స్పీకర్లు వేరు, నువ్వు కన్నేసినవి వేరు.

ఈ పేరంతా 1957లో ఇంగ్లండ్‌లోని హంటింగ్డన్‌లో మొదలైంది. పీటర్ వాకర్ క్వాడ్ పేరుతో అమ్మిన మొదటి ఎలక్ట్రోస్టాటిక్ చూడటానికి అచ్చం రూమ్ హీటర్‌లా ఉంటుంది. మామూలు స్పీకర్‌లో కాగితపు కోను, దాని వెనక కాయిలు, అయస్కాంతం, చుట్టూ చెక్కపెట్టె ఉంటాయి కదా, ఇందులో అవేవీ లేవు. మైక్రాన్లలో కొలిచేంత పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్, దాని మీద వేల వోల్టుల ఛార్జి, రెండు పక్కలా గాలి ఆడే లోహపు పలకలు. పాటను బట్టి పలకల మీద వోల్టేజీ మారుతుంటే ఫిల్మ్ మొత్తం ఒక్కసారిగా ముందుకీ వెనక్కీ కదులుతుంది. దానికి బరువు దాదాపు లేదు, కదలమంటే కదులుతుంది, ఆగమంటే ఆగుతుంది. పెట్టె లేదు కాబట్టి పెట్టె మోత కూడా లేదు.

ఆ తేడా వింటేనే తెలుస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్‌లో కమాను తీగను పట్టుకునే క్షణం, ఈమని శంకరశాస్త్రిగారి వీణలో మీటు అయిపోయాక కూడా గమకం సాగుతూనే ఉండటం, ఇవి మంచి ప్యానెల్ (ఆ ఫిల్మూ పలకలూ కలిసిన అమరిక) మీద విన్నాక కోను స్పీకర్ల మీద ఏదో తెర అడ్డం ఉన్నట్టే అనిపిస్తుంది. ఘంటసాలగారి పాత మోనో రికార్డింగుల్లో గొంతు సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. టేపు హిస్ (ఆ బుస్సుమనే చప్పుడు) కూడా అంతే స్పష్టంగా వినిపిస్తుందనుకో, ఆ దయాదాక్షిణ్యాలు దీనికి లేవు. ఇంత సుఖం కోసం జనం నలభై ఏళ్ల నాటి జతల్ని ఇప్పటికీ బాగు చేయించుకుని వాడుతున్నారు.

ఇక బాస్, అంటే మంద్ర శబ్దాల సంగతి. ఫిల్మ్ ముందుకు ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది, అదీ తిరగబడి. వెనక వైపు బాస్ శబ్దాలు ప్యానెల్ అంచులు చుట్టి వచ్చి ముందువాటిని చంపేస్తాయి. పోనీ ఫిల్మ్‌ని ఇంకా ఎక్కువ కదిలిద్దామా అంటే పలకల మధ్య ఖాళీయే మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ 1957 క్వాడ్‌ని మోతాదు మించి గట్టిగా పెడితే లోపల స్పార్క్ వచ్చి ప్యానెల్ పాడయ్యేది. దాని తర్వాతి ఈఎస్ఎల్-63కి వాకర్ 1963లో పని మొదలుపెడితే బజారుకు వచ్చేసరికి 1981 అయింది. పలకల్ని వలయాలుగా విడగొట్టి, ఒక్కో వలయానికీ శబ్దం కొంచెం ఆలస్యంగా అందేలా చేసి, అంత పెద్ద ప్యానెల్ నుంచి వచ్చే శబ్దం ఒకే బిందువు నుంచి వస్తున్నట్టు చేశాడు. అద్భుతమైన పని. అయినా హాలు అదిరేలా డప్పు వినాలంటే అదీ చాలదు.

నువ్వు అడిగే ఫ్లాగ్‌షిప్‌లు, అంటే కంపెనీల అన్నిటికన్నా పై మోడళ్లు, ఈ లోటు తీర్చడానికి పుట్టినవే. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని మార్టిన్‌లోగన్‌నే చూడు. కోనే లేకుండా, అంతా ఫిల్మ్‌తోనే చేసిన వాళ్ల సీఎల్ఎక్స్ 56 హెర్ట్జ్ దాకా దిగుతుందని కంపెనీయే రాసుకుంది. బాస్ గిటార్ అడుగు తీగ 41 దగ్గరుంటుంది, అంటే ఆ స్వరం మూలం సగం గల్లంతే. ఆ తర్వాత వచ్చిన నియోలిత్‌లో ప్యానెల్ కింద 12 అంగుళాలదీ 15 అంగుళాలదీ రెండు కోను వూఫర్లు (బాస్ కోసం పెట్టే స్పీకర్లు) పెట్టారు. వచ్చిన కొత్తలో జత ధర సుమారు 80,000 డాలర్లు, ఒక్కోటీ 175 కిలోల దాకా బరువు. మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ సంగతి నువ్వే చూసుకోవాలి. నా లెక్కలో ఆ అదనపు డబ్బులో పెద్ద వాటా ఎలక్ట్రోస్టాటిక్ చేయలేని పనికే పోతోంది. గొంతు, వయొలిన్, వీణ దగ్గర అందులో నాలుగో వంతు ధర జతకూ దీనికీ తేడా ఉంది కానీ, ధరలో ఉన్నంత లేదు. పైగా మృదంగంలో తొప్పి దెబ్బ కోను నుంచి, కుడి వైపు దెబ్బ ఫిల్మ్ నుంచి వస్తాయి. ఎంత బాగా అతికినా ఒక్కోసారి అతుకు చెవికి దొరుకుతుంది.

స్పీకర్ కన్నా ముందు గదిని కొలుచుకో. వెనక గోడకీ ప్యానెల్‌కీ మధ్య కనీసం మూడడుగులు, వీలైతే ఐదడుగులు వదలాలి. గోడకు ఆనించి పెడితే వెనక శబ్దం వెంటనే తిరిగొచ్చి అంతా కలగాపులగం చేస్తుంది. పక్కలకు శబ్దం పెద్దగా పోదు కాబట్టి పక్క గోడలతో బాధ తక్కువ. అలాగే, అసలు మజా ఒక్క కుర్చీకే. ఆ కుర్చీలోంచి లేచి సోఫా చివర కూర్చుంటే పై స్వరాలు మసకబారతాయి. ఇంట్లో నలుగురూ కలిసి సినిమా చూసే హాలైతే మంచి కోను స్పీకర్లు కొనుక్కో, సుఖపడతావు.

యాంప్లిఫైయర్‌కి విడిగా డబ్బు ఉంచుకో. కరెంటు లెక్కలో ఈ ప్యానెల్ ఒక కెపాసిటర్. పై స్వరాలకు వెళ్లేకొద్దీ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) పడిపోయి 1 ఓం దరిదాపులకు, కొన్ని మోడళ్లలో ఇంకా కిందికీ వస్తుంది. వాట్లు ఎన్నని చూసి కొన్న యాంప్లిఫైయర్ అక్కడ చేతులెత్తేస్తుంది. నీ దగ్గరున్న చిన్న ట్యూబ్ యాంప్ దీనికి పనికిరాదు, ముందే చెబుతున్నా.

ఛార్జి ఉన్న ఫిల్మ్ దుమ్మును లాక్కుంటుంది, హైదరాబాద్ దుమ్ము నీకు తెలిసిందే. ప్లగ్ తీసి, కొన్ని గంటలు ఆగి ఛార్జి దిగాక, మెత్తటి బ్రష్ పెట్టి వాక్యూమ్ చేసుకోవాలి. తేమ ఎక్కువైతే ఛార్జి కారిపోయి శబ్దం తగ్గుతుంది, టిక్ టిక్ మని చప్పుళ్లు వస్తాయి. మా విశాఖ సముద్రపు గాలిలో ఇది పెద్ద టెన్షనే, మీకు వానాకాలంలో మాత్రమే. ప్రతి స్పీకర్‌కీ విడిగా ప్లగ్ పాయింట్ కావాలి. ఫిల్మ్ వయసైతే ప్యానెల్ మార్చాలి. కాబట్టి ప్యానెల్ ఎన్నాళ్లలో తెప్పిస్తారో, కస్టమ్స్‌తో కలిపి ఎంతవుతుందో డీలర్ చేత కాగితం మీద రాయించుకో.

వినడానికి వెళ్తే డీలర్ పెట్టిన పాటలతో సరిపెట్టుకోకు. ఆయన ఆడగొంతు, గిటారు ఉన్న పాటే పెడతాడు. నీ పెన్ డ్రైవ్‌లో ఒక వీణ కచేరీ, మృదంగం తని ఆవర్తనం, డ్రమ్స్ బాగా మోగే కొత్త సినిమా పాట ఒకటి తీసుకెళ్లు. ముందు బాగా తక్కువ వాల్యూమ్‌లో విను, తర్వాత నువ్వు ఇంట్లో పెట్టుకునేంత గట్టిగా పెట్టు. ఫ్లాగ్‌షిప్ పక్కన అదే కంపెనీ మధ్య రకం మోడల్‌ని కూడా అదే యాంప్ మీద వినిపించమను. ఒప్పుకోకపోతే ఇంకో షాపుకు వెళ్లు. అసలు ఈ ఫిల్మ్ శబ్దం నీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవాలంటే స్టాక్స్ కంపెనీ ఇయర్‌స్పీకర్లు (ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు) ఎవరి దగ్గరైనా ఓ గంట అడిగి విను. సూత్రం అదే, గది గొడవ ఉండదు.

ఈ లోపు హాలు పొడవు, వెడల్పు, బాల్కనీ తలుపు ఏ గోడకుందో, సోఫా ఎక్కడ వేస్తారో కాగితం మీద గీసి ఫోటో పంపు. చూసి చెబుతా.

మీ మావయ్య