నలభై గళ్లలో నవ్వించాలంటే

చిరంజీవి కిట్టూకి పెదనాన్న ఆశీస్సులు.

వీడియో గేమ్స్ మీద సరదా పత్రిక పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన రివ్యూ కూడా చదివాను. ఏమీ అనుకోకు, నవ్వొచ్చే చోటికి చేరేసరికి నాకు ఓపిక అయిపోయింది. అందుకే నీకు డిజిటైజర్ అనే పాత వీడియో గేమ్స్ పత్రిక సంగతి చెప్పాలనిపించింది.

నేను ఇంగ్లండ్ ఆస్పత్రిలో చేస్తున్న రోజుల్లో అక్కడి టీవీల్లో టెలిటెక్స్ట్ ఉండేది. రిమోట్‌లో పేజీ నంబరు కొడితే నల్లటి తెర మీద రంగురంగుల అక్షరాలు వచ్చేవి. వార్తలు, వాతావరణం, ఫుట్‌బాల్ స్కోర్లు, చౌక హాలిడే ప్రకటనలు. అంత బుద్ధిమంతుల మధ్య 1993లో డిజిటైజర్ అనే ఈ అల్లరి పిల్లాడు దిగాడు. రాసేది పాల్ రోజ్, టిమ్ మూర్. పేజీల్లో మాత్రం వాళ్లు మిస్టర్ బిఫో, మిస్టర్ హెయిర్స్.

ముందు ఆ పేజీ కొలత చూడు. వరుసకి 40 గళ్లు, మొత్తం 24 వరుసలు. రంగు మార్చాలన్నా ఒక గడి ఖర్చే. పసుపు మాట పక్కన ఎర్ర మాట పెడితే మధ్యలో ఒక గడి ఖాళీగా వదులుకోవాల్సిందే. బొమ్మ వేయాలంటే గడిని ఆరు ముక్కలు చేసి, ఏ ముక్క వెలగాలో ఎంచుకోవాలి. అంత మోటు ముక్కలతోనే పొడుగు చుబుకం మనిషినీ, తన చెత్తడబ్బాల జోలికి రావద్దని పిల్లల్ని గద్దించే అమెరికన్ టీవీ నటుడు ‘మిస్టర్ టి’నీ గీసేవారు. చెత్తడబ్బాలే ఎందుకని ఎవరూ వివరించలేదు. నువ్వు కూడా వివరించకు. జోకు వేసి పక్కనే బ్రాకెట్లో స్మైలీ పెట్టే అలవాటు ఇవాళే మానెయ్.

రిమోట్‌లో రివీల్ అని ఒక బటన్ ఉండేది. క్విజ్ జవాబులు దాచడానికి పెట్టింది. వీళ్లు దాని వెనక జోకులు దాచారు. బటన్ నొక్కిన వాడికే కనిపిస్తుంది, పక్కన పేపరు చదువుకునే నాన్నకి కనిపించదు. అసలు ఆకర్షణ అక్కడుందని నా అభిప్రాయం. పెద్దవాళ్ల ఇంట్లో, పెద్దవాళ్ల టీవీలో, మనకి మాత్రమే తెలిసిన గూడుపుఠాణీ! నీ పాఠకుడికీ అలాంటిదొకటి ఇవ్వు. ఎలా ఇవ్వాలో నువ్వే ఆలోచించుకో, ఈ కాలం ఫోన్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు.

ఇంకో మాట. వెకిలితనం ఎంతున్నా రివ్యూ దగ్గర వాళ్లు ఖచ్చితం. చెత్త గేముకి ఎంత పెద్ద పేరున్నా మార్కులు కోసేసేవారు. వార్తలూ ఉండేవి, పాఠకుల ఉత్తరాలూ ఉండేవి. కొన్న గేము బాగుంటుందో లేదో చెప్పకుండా ఊరికే వెటకారం చేస్తే, రెండో వారం ఎవడూ చదవడు. అయితే వాళ్లవన్నీ నెత్తిన పెట్టుకోకు. లావుగా ఉన్నవాళ్ల మీద వేసిన ఎకసెక్కాలు ఇప్పుడు చదివితే నాకు చిరాకేస్తుంది.

చివరి రోజుల్లో పైవాళ్లు ఆ హాస్యం తగ్గించమన్నారు. పాఠకులు ఊరుకోలేదు. పాత ధోరణి మళ్లీ వచ్చింది గానీ ఎంతోకాలం సాగలేదు, 2003 మార్చిలో మూసేశారు. పాత పేజీలు కావాలంటే ఇంటర్నెట్లో వెతుకు. ఎవరెవరో వీహెచ్ఎస్ టేపుల్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకుంటే, బొమ్మతో పాటు టెలిటెక్స్ట్ సంకేతాలు కూడా టేపులోకి ఎక్కాయి. కొందరు ఓపికమంతులు వాటిని కంప్యూటర్‌తో మళ్లీ పేజీలుగా రాబడుతున్నారు.

ఇప్పుడు నీ పని. అదే గేము మీద మళ్లీ రాయి. ఇరవై వరుసలు, వరుసకి నలభై అక్షరాలు, ఒత్తులు లెక్కలోకి రావు. మార్కులు కూడా అందులోనే పట్టాలి. ఆదివారం లోపు వాట్సాప్‌లో పంపు, బొమ్మలు తర్వాత చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న