సింక్ కన్నా ముందు యాంగిల్ కాక్

ప్రశ్న: మా ఫ్లాట్‌లో వంటింటి స్టీలు సింక్ అడుగున చిల్లు పడడంతో కొత్తది కొన్నాము. సింక్ కింద గోడకుండి, కొళాయికి వెళ్లే నీటిని ఆపే యాంగిల్ కాక్‌ను ఎంత తిప్పినా ధార సన్నబడుతోందే తప్ప ఆగడం లేదు. డాబా మీది వాల్వు కడితే మా వరుసలోని అయిదు ఇళ్లకూ నీళ్లు రావు. పాత కాక్‌నే ఉంచి పని కానిచ్చేద్దామని ప్లంబరు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒప్పుకోకండి. సింక్ విప్పిన రోజున గోడ దగ్గర స్పానరు తిరిగేటంత చోటు దొరుకుతుంది. కొత్త సింక్ బిగించాక అదే పనికి వెల్లకిలా పడుకుని చేతులు పైకి చాపి తంటాలు పడాలి. బోరు నీరు వాడే ఇళ్లలో కాక్ స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ) చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి కనబడుతుంది, అదే లోపల వాషర్ కూర్చునే చోట కూడా పేరుకుంటే ధార పూర్తిగా ఆగదు. దాన్ని బలవంతంగా బిగిస్తే స్పిండిల్ విరిగే ప్రమాదం ఉంది.

ఇరుగుపొరుగు వారికి ముందురోజే చెప్పి, పొద్దుటి పనులు తెమిలాక డాబా మీది వాల్వు మూయించండి. అది చక్రం ఉన్న పాత గేట్ వాల్వు అయితే, చక్రం ఎక్కడా ఆగకుండా ఊరికే తిరుగుతున్నట్లయితే, లోపల నీటిని అడ్డుకునే పలక (గేటు) ఊడిపోయిందని అనుమానించాలి. అందుకే వాల్వు కట్టాక వంటింటి కొళాయి విప్పి, పైపులో మిగిలిన నీరంతా దిగి ధార పూర్తిగా ఆగిందని కళ్లారా చూసిన తర్వాతే కాక్ మీద స్పానరు వేయనివ్వండి. సింక్‌కు వేడినీటి లైను కూడా ఉంటే గీజరు స్విచ్ ఆపడం మరవకండి.

కొత్తగా పావు చుట్టు తిప్పితే మూసుకునే అర అంగుళం ఇత్తడి కాక్ తీసుకోండి. గోడలోకి వెళ్లే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. ఫ్లెక్సిబుల్ పైపు నట్టుకు మాత్రం అక్కరలేదు, అక్కడ నీటిని ఆపేది లోపలి రబ్బరు వాషరే. చాలామంది అక్కడా టేపు చుట్టి, వాషర్ లేదన్న సంగతే గమనించరు. వీలుంటే అదే రోజున మీ ఫ్లాట్‌లోకి వచ్చే లైనుకు ఒక బాల్ వాల్వు కూడా పెట్టించుకోండి; ఇకపై మీ ఇంటి పనికి మిగతా నాలుగు ఇళ్ల నీళ్లు ఆపనక్కరలేదు.

నీళ్లు వదిలాక ప్రతి జాయింటు కింద పొడి కాగితం పరిచి రాత్రంతా ఉంచండి. తెల్లవారి ఏ కాగితం తడిసినా ప్లంబరును ఆ రోజే మళ్లీ పిలిపించండి.