మెడికల్ కోడింగ్‌లో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బీఫార్మసీ అవగానే హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం, అంటే ఇన్సూరెన్సు క్లెయిముల కోసం రోగుల జబ్బులకూ చికిత్సలకూ కోడ్లు వేసే పని, వచ్చిందనీ, రెండు మూడేళ్లలో ఆ పనంతా ఏఐ చేసేస్తుందని అందరూ అంటుంటే చేరడానికి జంకుతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. చేరమనే నేను చెబుతాను. అయితే చేరాక పని ఎలా నేర్చుకోవాలన్న దాని మీదే నీ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లు మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ చేశాను. అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేస్తే, 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కగట్టి డబ్బులిచ్చేవారు. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ రాగానే, అది వ్రాసినదాన్ని దిద్దే పని మాకిచ్చి ఎడిటర్లన్నారు. గంటకు చేసే లైన్లు పెరిగాయి, లైను రేటు దాదాపు సగానికి పడింది. మా ఉత్పాదకత పెరిగిన మాట నిజమే కానీ, ఆ పెరుగుదల మా జీతాల దాకా రాలేదు. హైపో (తక్కువ) అని ఉండవలసిన చోట హైపర్ (ఎక్కువ) అని పడితే పాతవాళ్లం పట్టుకునేవాళ్లం. నేరుగా ఎడిటింగులో చేరిన పిల్లలు మాత్రం తెర మీద చక్కగా కనబడిన తప్పును నమ్మి వదిలేసేవారు. వాళ్ల తెలివికేం లోటు లేదు, మొదటి నుంచి తామే విని వ్రాసే అవకాశం వాళ్లకెవరూ ఇవ్వలేదు. అది తలచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి మొదటి ఆరు నెలలు రోజుకు కనీసం పది చార్టులు, అంటే రోగుల వైద్య రికార్డులు, యంత్రం సూచించిన కోడు చూడకముందే నువ్వే చదివి, జబ్బుల కోడ్ల జాబితా అయిన ఐసీడీ-10 నుంచి నీకు తోచిన కోడును పుస్తకంలో వ్రాసుకో. టైప్ 2 మధుమేహం, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు రెండూ ఉన్న చార్టు వస్తే, రెంటికీ సంబంధం లేదని డాక్టరు వ్రాయనంతవరకు, మధుమేహం వల్ల వచ్చిన కిడ్నీ జబ్బుకు వాడే ఈ11.22 వేసి, కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో తెలిపే కోడును దానికి జోడించాలి. అలా ఎందుకో నీ నోటితో చెప్పగలిగిన రోజునే యంత్రం తప్పును నువ్వు దిద్దగలవు.

2023లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా ఆర్థికవేత్తలు 5,000 మందికి పైగా కస్టమర్ సపోర్టు ఉద్యోగుల పనిని పరిశీలించారు. ఏఐ సాయంతో పని వేగం సగటున 14 శాతం, కొత్తవారిలో 34 శాతం పెరిగింది; ఆరితేరినవారిలో పెద్దగా మార్పు లేదు. నేర్పరుల జవాబుల నుంచి యంత్రం గ్రహించినది కొత్తవారికి అందింది. ఆ వేగం అరువు తెచ్చుకున్నది, దాన్ని నీ నైపుణ్యమనుకోకు. 2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జీతాల రికార్డులు చూస్తే, ఏఐ తాకిడి ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్లవారి ఉపాధి, ఆ తాకిడి తక్కువగా ఉన్న వృత్తులతో పోల్చినప్పుడు 13 శాతం తగ్గినట్లు తేలింది, అవే వృత్తుల్లో పెద్దవారి ఉద్యోగాలు నిలిచాయి. నువ్వు ఆ వయసుదానివి గనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీ వేగాన్ని గడియారంతోనే కొలుచుకో. అదే ఏడాది 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లతో జరిపిన ప్రయోగంలో, ఏఐ వల్ల 20 శాతం వేగంగా చేశామని వాళ్లు నమ్మారు, నిజానికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది.

చేరే ముందు, ఏఐ వచ్చాక చార్టుల టార్గెట్ ఎంత పెంచారో, దానికి తగ్గట్టు ఇన్సెంటివ్ పెరిగిందో లేదో మర్యాదగా అడుగు. ఏడాది తిరిగాక డినయల్స్ టీములోకో ఆడిట్‌లోకో మారే దారి ఉందేమో కూడా కనుక్కో. ఇన్సూరెన్సు కంపెనీ తిప్పిపంపిన క్లెయిములు చూసేచోట ప్రతి తప్పుకూ కారణం వెతకవలసి వస్తుంది, అక్కడ నేర్చుకున్నంత మరెక్కడా నేర్చుకోలేవు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా. నీకూ యంత్రానికీ తేడా వచ్చిన చోట్లన్నీ కలిసి కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య