డిలీట్ కొడితే అయిపోదు నాన్నా

నాన్నా,

లాప్‌టాప్‌కి బేరం కుదిరిందని, ఫైళ్ళన్నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశానని, ఇక చేతికివ్వడమే తరువాయి అని రాశావు. అప్పుడే ఇవ్వకు. కొనేవాణ్ణి ఇంకో రెండు రోజులు ఆగమను, ఏమీ అనుకోడు, అనుకున్నా పర్వాలేదు. మా ఆఫీసులో పాత మెషీన్లు బయటికి వెళ్ళేముందు వాటిని తుడిపించి కాగితం మీద సంతకం పెట్టే పని చాలా ఏళ్ళు నాదే, అందుకని పిన్నికి చాదస్తం ఎక్కువైందనిపించినా చివరిదాకా చదువు.

ముందు నువ్వు చేసిన పని సంగతి. డిలీట్ నొక్కితే ఫైలు పోదు. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో కంప్యూటర్ ఒక చిట్టా రాసుకుంటుంది, ఆ చిట్టాలో నీ ఫైలు పద్దు కొట్టేసి 'ఈ చోటు ఖాళీ' అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. రిజిస్టర్లో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి ఊరొదిలి పోడు కదా! ముఖ్యంగా తిరిగే హార్డ్‌డిస్కుల్లో, ఆ చోట్లోకి ఇంకో ఫైలు వచ్చి కూర్చునేదాకా నీ ఫొటోలు, జీతం స్లిప్పులు, స్కాన్ చేసి దాచుకున్న గుర్తింపు కార్డులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటుంది, అది ఆ చిట్టా మొహం కూడా చూడదు, డిస్కుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చదువుకుంటూ పోయి, ఇక్కడ ఫొటో మొదలైంది, ఇక్కడ పీడీఎఫ్ మొదలైంది అని ఆనవాలు పట్టి బయటికి లాగేస్తుంది. ఫైళ్ళ పేర్లు రావు కానీ ఫైళ్ళు వస్తాయి. క్విక్ ఫార్మాట్ అయినా ఇదే కథ, పాత చిట్టా తీసేసి కొత్త చిట్టా పెడుతుంది.

ఎవరికుంటుంది అంత ఓపిక అంటావేమో. సిమ్సన్ గార్‌ఫింకెల్, అభి షెలట్ అనే ఇద్దరు ఎంఐటీ విద్యార్థులు సెకండ్‌హ్యాండ్ డిస్కులు 158 కొని చూశారు, 2003లో దాని మీద వ్యాసం కూడా వేశారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచి ఉన్నవి 12 మాత్రమే! మిగతావాటిలోంచి 5,000కి పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, జనాల జబ్బుల వివరాలు బయటపడ్డాయి. అవి అమ్మినవాళ్ళలో నీలాగే డిలీట్ కొట్టి, చేతులు దులుపుకున్నవాళ్ళూ ఉన్నారు.

సరే, తుడుద్దాం. కానీ అది ఆఖరి పని. తొందరపడి ముందే తుడిచేసి తర్వాత నెత్తి కొట్టుకున్నవాళ్ళనే నేను ఎక్కువ చూశాను, డేటా దొంగల చేతిలో పడినవాళ్ళకంటే కూడా.

నీ విషయంలో నాకు ఇప్పుడు అన్నిటికంటే టెన్షన్‌గా ఉన్నది వన్‌డ్రైవ్, అదే మన ఫైళ్ళని ఇంటర్నెట్‌లో ఉంచే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు. నీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దాంతో సింక్ అవుతుంటే, ఇక్కడ డిలీట్ చేసినవి అక్కడా పోతాయి. అది బ్యాకప్ కాదురా, అద్దం లాంటిది, ఇటు ఏం చేస్తే అటూ అదే. కాబట్టి ఈ ఉత్తరం మధ్యలో ఆపి అయినా సరే, వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌కి వెళ్ళి అక్కడి రీసైకిల్ బిన్ తెరిచి చూడు. మామూలు సొంత అకౌంట్ అయితే 30 రోజులదాకా అందులో ఉంచుతారు, ఉన్నవన్నీ వెనక్కి తెచ్చుకో. గూగుల్ డ్రైవ్ ట్రాష్ కూడా అంతే, 30 రోజులు. ఇకమీదట ఆ ఫోల్డర్లలో ఏదీ చేత్తో డిలీట్ చెయ్యకు. డిస్కు మొత్తం ఎలాగూ తుడుస్తాం కదా, ఒక్కో ఫైలూ తియ్యాల్సిన అవసరమే లేదు.

ఇంకో సంగతి, ఫైలు పక్కన నీలం రంగు మబ్బు బొమ్మ కనిపిస్తుంటే దాని పేరు మాత్రమే నీ లాప్‌టాప్‌లో ఉన్నట్టు, అసలు సరుకు ఇంటర్నెట్‌లో ఉంది. అలాంటివాటి మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' కొట్టి, అన్నీ దిగాక, అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకో.

కాపీ చేసేటప్పుడు అందరూ మర్చిపోయేవి కొన్నుంటాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ (చెత్త అనుకుంటాం, అసలు కాగితాలన్నీ అందులోనే ఉంటాయి), ఔట్‌లుక్ వాడుతుంటే మెయిళ్ళు దాచే దాని పీఎస్‌టీ ఫైలు, బ్రౌజర్‌లో బుక్‌మార్కులు, ఎప్పుడైనా ఐఫోన్‌ని కేబుల్‌తో ఈ మెషీన్‌లోకి బ్యాకప్ చేసి ఉంటే అది. ఏదైనా సైట్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా ఈ లాప్‌టాప్ పిన్‌తోనో వేలిముద్రతోనో వెళ్ళే అలవాటుంటే ఆ పాస్‌కీ ఈ మెషీన్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు, దాంతోపాటే పోతుంది, కాబట్టి ముందే ఫోన్లోనో కొత్త మెషీన్‌లోనో ఇంకోటి పెట్టుకో.

కాపీ అయ్యాక ఆ డిస్కుని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫొటోలు, ఒక వీడియో, ఒక ఎక్సెల్ షీటు తెరిచి చూడు. ఫోల్డర్ పేర్లు కనిపిస్తే చాలదు, ఫైలు తెరుచుకోవాలి. ఆ తర్వాత ఆ డిస్కు పీకేసి బీరువాలో పెట్టు. తుడిచే పని జరుగుతున్నంతసేపూ అది లాప్‌టాప్ దగ్గరికి రాకూడదు, ఎందుకో కింద చెబుతాను.

ఇక అకౌంట్లు. లాప్‌టాప్‌లో ఉన్నప్పుడే వన్‌డ్రైవ్ అన్‌లింక్ చెయ్యి, అడోబీ లాంటి లైసెన్సు సాఫ్ట్‌వేర్లలోంచి సైన్ అవుట్ అవ్వు, ఐట్యూన్స్‌లో కొనుక్కున్న పాటలేమైనా ఉంటే ఈ కంప్యూటర్‌ని డీఆథరైజ్ చెయ్యి, అంటే దాని అనుమతి తీసెయ్యి, అక్కడ ఒకేసారి 5 కంప్యూటర్లకే అనుమతి. బ్రౌజర్‌లో హిస్టరీ, పాస్‌వర్డులు క్లియర్ చేద్దామని మాత్రం కూర్చోకు, సింక్ ఆన్‌లో ఉంటే నీ ఫోన్లోంచి కూడా పోగలవు. ఊరికే సైన్ అవుట్ అయితే చాలు. తుడవడం పూర్తయ్యాక ఫోన్లోంచి గూగుల్ అకౌంట్‌లో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో 'యువర్ డివైసెస్' జాబితాలోకి వెళ్ళి ఈ పాత లాప్‌టాప్‌ని తీసెయ్యి, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా ఒకసారి చూడు.

ఇప్పుడు అసలు పని. అన్నిటికంటే ముందు నీ లాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే హార్డ్‌డిస్కా, తిరిగేదేమీ లేకుండా చిప్పుల్లోనే దాచుకునే ఎస్ఎస్‌డీనా తెలుసుకో. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ అని ఉన్నచోట చూస్తే రాసి ఉంటుంది. కొన్ని లాప్‌టాప్‌లలో రెండూ ఉంటాయి, సీ డ్రైవ్ ఎస్ఎస్‌డీ మీద, డీ డ్రైవ్ హార్డ్‌డిస్కు మీద. సీ డ్రైవ్ మాత్రం శుభ్రం చేసి, ఫొటోలన్నీ ఉన్న డీ డ్రైవ్ అలాగే వదిలేసి అమ్మేవాళ్ళు తక్కువేం కాదు.

హార్డ్‌డిస్కు అయితే సులువు, టైమ్ మాత్రం పడుతుంది. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ 'రీసెట్ దిస్ పీసీ', 'రిమూవ్ ఎవ్రీథింగ్'. ఇక్కడ అందరూ నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోతారు, నువ్వు ఆగి 'చేంజ్ సెట్టింగ్స్' నొక్కు. అందులో 'క్లీన్ డేటా' అని ఒక స్విచ్చి ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అది ఆన్ చెయ్యాలి. రెండో డ్రైవ్ ఉంటే అన్ని డ్రైవులూ తుడవమని అడిగే స్విచ్చి కూడా అక్కడే ఉంటుంది, అదీ ఆన్ చెయ్యి. ఆ క్లీన్ డేటా లేకపోతే రీసెట్ అయ్యాక కూడా పాత ఫైళ్ళు తవ్వితే దొరుకుతాయి, అది ఉంటే డిస్కులో పాతవాటి మీద కొత్తగా రాస్తుంది. 1 టీబీ డిస్కు ఒక్కసారి మొత్తం రాయాలంటేనే రెండు మూడు గంటలు, మధ్యలో విండోస్ మళ్ళీ ఎక్కించే పని కూడా ఉంటుంది, కాబట్టి చార్జర్ పెట్టి రాత్రంతా వదిలెయ్యి.

డిస్క్‌పార్ట్ అని కమాండ్ వాడే దారి కూడా ఒకటుంది, 'క్లీన్ ఆల్' అని కొడితే డిస్కు మొత్తం సున్నాలు రాస్తుంది ('క్లీన్' ఒక్కటే కొడితే పార్టిషన్ల సమాచారం తీసి ఊరుకుంటుంది, తేడా చూసుకో). అది నువ్వు ఎంచుకున్న డిస్కు నంబరునే నమ్ముతుంది, ఏ డిస్కు అని మళ్ళీ అడగదు. బ్యాకప్ డిస్కు బీరువాలో పెట్టమన్నది ఇందుకే.

ఎన్నిసార్లు తుడవాలి అని అడుగుతావు, తెలుసు. 35 సార్లు తుడవాలని నీకు ఎవడో ఒకడు చెప్పే ఉంటాడు. ఆ సంఖ్య 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన వ్యాసంలోంచి వచ్చింది, అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి ఇచ్చిన జాబితా అది, ఏ ఒక్క డిస్కుకీ ఆ 35 అక్కర్లేదని ఆయనే తర్వాత విసుక్కుని మరీ రాశాడు. ఇప్పటి హార్డ్‌డిస్కుకి ఒక్కసారి సున్నాలు రాస్తే మామూలుగా సరిపోతుందని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2014 మార్గదర్శకాల్లోనే చెప్పింది. అంతకుమించి చేస్తే కరెంటు దండగ.

ఎస్ఎస్‌డీతో తిప్పలు వేరు. దాంట్లో చిప్పులు అరిగిపోకుండా అదే లోపల చోట్లు మార్చుకుంటూ రాస్తుంది, నువ్వు పాత ఫైలు మీద కొత్తది రాశాననుకుంటావు, అది ఇంకో మూల రాసి ఉంటుంది. పైగా మనకి కనిపించని అదనపు చోటు కొంత దాని దగ్గర ఉంటుంది. డిలీట్ చేసిన వెంటనే ట్రిమ్ అనే ఏర్పాటు చాలావరకు ఖాళీ చేయిస్తుంది కానీ దాని మీద భారం వేసి కూర్చోకూడదు. 2011లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూస్తే, ఒక్కో ఫైలు మీద తిరగరాసే పద్ధతుల్లో ఒక్కటీ ఎస్ఎస్‌డీ మీద పూర్తిగా పనిచెయ్యలేదు.

దానికి నేను చెప్పే దారి, ముందు తాళం వేసి తర్వాత తాళంచెవి పారెయ్యడం. విండోస్ ప్రొ అయితే బిట్‌లాకర్ ఆన్ చెయ్యి, డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసేది, అంటే తాళంచెవి లేనివాళ్ళు చదవలేకుండా మార్చేసేది అదే. వాడిన చోటు వరకే ఎన్‌క్రిప్ట్ చెయ్యాలా, డ్రైవ్ మొత్తమా అని అడుగుతుంది. వేగంగా అవుతుందని మొదటిది ఎంచుకుంటారు, నువ్వు డ్రైవ్ మొత్తం ఎంచుకో, ఎందుకంటే నువ్వు డిలీట్ చేసినవి ఏవైనా మిగిలి ఉంటే ఆ 'ఖాళీ' చోట్లోనే ఉంటాయి. హోమ్ ఎడిషన్ అయితే సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉందేమో చూడు, కొత్త లాప్‌టాప్‌లలో అది మొదటినుంచీ ఆన్‌లోనే ఉండొచ్చు. ఎన్‌క్రిప్షన్ నూటికి నూరు శాతం అయ్యాక, ఇందాక చెప్పిన రీసెట్ చెయ్యి. ఎన్‌క్రిప్ట్ అయిన ముక్క లోపల ఏ మూల మిగిలినా తాళంచెవి లేకుండా అది ఎవరికీ అర్థం కాని గందరగోళమే.

ఎస్ఎస్‌డీ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనో, కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లోనో (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాం) 'సెక్యూర్ ఎరేజ్' అని ఉంటుంది, అది నేరుగా డిస్కుకే మొత్తం తుడుచుకోమని ఆజ్ఞ ఇస్తుంది. ఉంటే అదీ మంచిదే, కాకపోతే విండోస్ కూడా పోతుంది, మళ్ళీ ఎక్కించుకోవాలి.

మీ చెల్లి మ్యాక్ కూడా అమ్ముతానంటోందిగా, దానికి చెప్పు. యాపిల్ సొంత చిప్పుతో వచ్చినవి, టీ2 అనే యాపిల్ భద్రతా చిప్పు ఉన్నవి అయితే, 2021లో వచ్చిన మాంటెరీ నుంచి 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' అని ఉంది, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ చేయించి, ఫైండ్ మై (పోయిన మెషీన్‌ని వెతికే ఏర్పాటు) తీసేసి, తాళంచెవి పారేసే పని కూడా అదే చేసుకుంటుంది. ఆ ఫైండ్ మై ఆన్‌లో ఉండగా అమ్మితే కొన్నవాడు దాన్ని వాడుకోలేక ఫోన్ మీద ఫోన్ చేస్తాడు.

ఒకవేళ మెషీన్ ఆన్ కాని స్థితిలో ఉంటే తుడిచే మాటే లేదు, డిస్కు విప్పి తీసుకుని మిగతాది అమ్ముకో, రెండు రూపాయలు తగ్గితే తగ్గనీ. ఆ తీసిన డిస్కు పారేసేటట్టయితే, హార్డ్‌డిస్కుకి లోపలి పళ్ళేల్లోంచి రెండు మూడు చోట్ల డ్రిల్ దింపాలి, ఎస్ఎస్‌డీకి ఒక్కో చిప్పూ పగలాలి. ఆ పని చేసేటప్పుడు కళ్ళజోడు పెట్టుకో, లాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటికి లోపల గాజు పళ్ళేలు ఉంటాయి. ఇంట్లో అయస్కాంతం పెట్టి రుద్దితే ఏమీ కాదు, ఎస్ఎస్‌డీకి అయితే అసలు చలనమే ఉండదు.

అన్నీ అయ్యాక లాప్‌టాప్ ఆన్ చేస్తే 'మీ దేశం ఏది' అని అడిగే తెర వస్తుంది. అక్కడ ఏమీ నొక్కకుండా పవర్ బటన్ పట్టుకుని ఆపెయ్యి, బాగుందో లేదో చూద్దామని మళ్ళీ నీ అకౌంట్‌తో లాగిన్ అయ్యావంటే పని మొదటికొస్తుంది. బయోస్ పాస్‌వర్డ్ ఎప్పుడైనా పెట్టుకుని ఉంటే తీసెయ్యి. పక్కన మెమరీ కార్డు గుంటలో కార్డు ఉందేమో వేలు పెట్టి చూడు, కొన్ని లోపలికంటా దిగిపోయి పైకి కనిపించవు.

ముందు ఆ వన్‌డ్రైవ్ బిన్ చూసి ఏం దొరికాయో రాత్రికి నాకు మెసేజ్ పెట్టు. డిస్కు ఏ రకమో కూడా రాయి, ఎస్ఎస్‌డీ అయితే రీసెట్ నొక్కేముందు ఒకసారి ఫోన్ చెయ్యి.

పిన్ని