అమ్మ గుండెలో గడ్డ ఉందట, తీసేయరేం?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. అమ్మకు 46 ఏళ్లు. మొన్న కొండకు నడిచి వెళ్తూ, గాలిగోపురం ఇంకా రాకముందే ఆయాసంతో మెట్ల మీద కూలబడింది. తిరుపతిలో ఎకో తీసి, గుండె కవాటం సన్నబడింది, పై గదిలో రక్తం గడ్డకట్టింది అన్నారు. ఆపరేషన్ చేయకుండా మాత్రలిచ్చి పంపారు. మాటిమాటికీ రక్తపరీక్షకు తిరగాలంటే కష్టంగా ఉంది. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలకు మారొచ్చా?

జవాబు: మారొద్దు నాయనా, ఈ ఒక్క విషయంలో సొంత నిర్ణయం వద్దే వద్దు. అమ్మకు చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచాయేమో అడుగు. ఆ జ్వరమే ఏళ్ల తర్వాత, గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మిట్రల్ కవాటాన్ని ఇలా బిగించేస్తుంది, రక్తం పై గదిలోనే నిలిచిపోయి, గుండె లయ కూడా తప్పితే గడ్డకడుతుంది. ఇలాంటి గుండెజబ్బుతో లయ తప్పినవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. అందులో కొత్తరకం రివరాక్సబాన్ కంటే పాత మాత్రలు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ. అందుకే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివే ఇస్తాం. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో రక్తపరీక్షలో చెప్పే అంకె) 2, 3 మధ్య నిలకడగా ఉంటే పరీక్షలు నెలకోసారికి తగ్గుతాయి.

ఇక ఆపరేషన్ సంగతి. గడ్డ ఎక్కువగా పై గది పక్కనుండే చిన్న సంచిలో అతుక్కుని ఉంటుంది. మాత్ర దాన్ని కరిగించదు, పెరగనివ్వదు, కరిగించే పని మెల్లగా ఒళ్లే చేసుకుంటుంది. రెండు మూడు నెలలయ్యాక గొంతులోంచి గొట్టం దించి తీసే ఎకోలో సంచి ఖాళీగా కనిపిస్తే, కవాటం తీరు కూడా అనువుగా ఉంటే, అప్పుడు బెలూన్‌తో వెడల్పు చేస్తారు. గడ్డ ఉండగానే బెలూన్ వేస్తే ముక్క ఊడి మెదడుకు పోతుంది. చాలా అరుదుగా గడ్డ గోడను వదిలి గోలీకాయలా గదిలో దొర్లుతుంది, కవాటానికి అడ్డం పడితే మనిషి అక్కడికక్కడే స్పృహ తప్పుతుంది, అలాంటిదైతే ఆగకుండా ఆపరేషనే. మిక్సోమా అనే కణితి కూడా ఎకోలో గడ్డలాగే కనిపించొచ్చు, అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ రాస్తారు, తీయించండి.

ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ ఒక వారం రోజూ పాలకూర, తర్వాత నెలంతా ఏమీ లేకుండా తింటే ఐఎన్‌ఆర్ ఎగిరెగిరి పడుతుంది. ఒళ్లు నొప్పులకు షాపులో డైక్లోఫెనాక్ కొని వేయొద్దు, రక్తస్రావమవుతుంది. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడే 108కి ఫోన్ చేయండి, ఎసిట్రోమ్ వాడుతున్నారని వాళ్లకు మొదటే చెప్పండి.